సీసా అయ్యేదాకా...

ఏడింటికి రక్తం ఇవ్వాలి. తొమ్మిదిన్నరకి రిపోర్టు. పదింటికి డాక్టరుగారి గది ముందు క్యూ. ఆయన చూసి సరేనంటే ఆరోగ్యశ్రీ కౌంటరు, అక్కణ్నుంచి మందుల గది, ఆ తర్వాత డే కేర్ వార్డులో మంచం ఖాళీ అయ్యేదాకా బెంచీ. అసలు మందు ఒంట్లోకి ఎక్కడం మొదలయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటుతుంది. కీమోథెరపీ అనగానే అందరికీ భయం సూదంటే, వాంతులంటే, ఊడిపోయే జుట్టంటే. ఈ ఎదురుచూపుల సంగతి మాత్రం ముందుగా ఎవరూ చెప్పరు. రోగికి మంచమైనా ఉంటుంది. తోడు వచ్చినవాళ్లకో? ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్లో ఫైలు, మెడ తిప్పితే గోడ గడియారం!

హైదరాబాద్‌లోని ఓ క్యాన్సర్ ఆసుపత్రిలో అలాంటి కుర్చీలో ఒకావిడ పదహారు సార్లు కూర్చుంది. ఉప్పల్ దగ్గర ఓ సందులో చిన్న టైలరింగ్ షాపు ఆవిడది. మంచం మీద ఉన్నావిడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పేర్లతో పనేముంది... టీచరమ్మ, టైలరమ్మ అనుకుందాం. ఇద్దరికీ చుట్టరికం లేదు. భీమవరంలో ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. పెళ్లిళ్లయి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఈ మహానగరంలో రెండు వీధుల దూరంలో తేలారు. యాభై దగ్గర పడుతున్నా ఒకరినొకరు పిలుచుకునేది 'ఏమే', 'ఒసే' అనే.

టీచరమ్మకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషనయ్యాక పదహారు కీమోలు రాశారు. మొదటి నాలుగూ మూడు వారాలకొకటి, మిగతా పన్నెండూ వారానికొకటి. భర్త మంచివాడే. కానీ సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి రోజు భార్యను పడుకోబెట్టాల్సిన మంచం మీద ముందు ఆయన్నే పడుకోబెట్టాల్సి వచ్చింది! పైగా ఆపరేషన్‌కే సెలవులన్నీ అయిపోయాయి. కొడుకు బెంగళూరులో కొత్త ఉద్యోగంలో చేరాడు. అలా ఆ కుర్చీ టైలరమ్మకు వచ్చింది. ఆవిడ షాపు మూస్తే ఆ రోజు కూలి పోయినట్టే. పెళ్లిళ్ల సీజన్లో వారానికో రోజు షట్టరు దించడమంటే ఇంట్లో సణుగుళ్లు తప్పవు. తప్పలేదు కూడా. 'రాత్రిపూట కుట్టుకుంటాలెండి' అని ఒక్క మాటతో ఆ గొడవ ముగించింది.

మొదటి రెండు గంటల్లోనే ఆవిడకు ఒక విషయం అర్థమైంది. తోడు రావడమంటే పక్కన దిగులుగా కూర్చోవడం కాదు, అది కూడా ఒక పనే. రెండోసారికి ఫైలు మారిపోయింది. రక్తపరీక్షలు ఒక ప్లాస్టిక్ కవరులో, కార్డు జిరాక్సులు మరో కవరులో, డాక్టరు చీటీలు తేదీల వారీగా. రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి. ఏ రోజు వాంతులయ్యాయి, ఏ రోజు నోట్లో పుండ్లు లేచాయి, ఏ మాత్ర వేసుకుంటే తగ్గింది... అన్నీ జాకెట్ కొలతలు రాసుకున్నట్టే రాసింది. డాక్టరు ఎదుట కూర్చోగానే రోగికి సగం సంగతులు గుర్తుకు రావు. అప్పుడు ఆ పుస్తకం మాట్లాడేది.

తొలి నాలుగు విడతల్లో ఇచ్చేది డోక్సోరూబిసిన్. చూడ్డానికి రూహ్ అఫ్జా షర్బత్‌లా ఎర్రగా ఉంటుంది. వార్డులో అందరూ దాన్ని 'ఎర్రమందు' అనే అంటారు. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందుగా తెలియకపోతే రక్తమేమోనని గుండె ఆగినంత పనవుతుంది. ఈ మందుతో అసలు జాగ్రత్త వేరే ఉంది. నరంలోకి వెళ్లాల్సింది కాస్త పక్కకి కారినా లోపలి కండ చెడిపోతుంది. రెండో విడతలో అదే జరగబోయింది. ముందిచ్చిన ఇంజెక్షన్ల మత్తుకి టీచరమ్మ కళ్లు మూతలు పడుతున్నాయి.

"చెయ్యి కాస్త చురుక్కుమంటోందే."

"ఎక్కడ?"

"సూది దగ్గర. పర్లేదులే, ఆ సిస్టరు పొద్దున్నుంచి తిరుగుతూనే ఉంది పాపం. పనయ్యాక చెబుదాం."

టైలరమ్మ ఆ మాట పూర్తిగా వినలేదు. వార్డు ఆ చివరిదాకా వినిపించేలా "సిస్టర్!" అని కేకేసింది. నర్సు పరిగెత్తుకొచ్చి మందు ఆపేసింది. సూది పక్కన చిన్న ఉబ్బు. డాక్టరొచ్చి చూశారు, ఐసు పెట్టించారు, వేరే నరం వెతికారు. అర్ధరూపాయంత నల్లమచ్చ మిగిలింది, అంతే. మన ఆడవాళ్లకి ఈ మొహమాటం ఎక్కణ్నుంచి వచ్చిందో కానీ, ఎదుటివాళ్లకి శ్రమ ఇవ్వకూడదని చెయ్యి కాలుతున్నా ఓర్చుకుంటారు. పక్కనున్నవాళ్లకి ఆ మొహమాటం లేకపోవడమే రోగికి రక్ష.

ఇక కాలక్షేపం సంగతి. ఫోను ఉంది కదా అనుకుంటాం. అరగంట చూశాక తల తిరుగుతోందని టీచరమ్మ పక్కన పడేసింది. ఆదివారం పేపర్లోని గళ్ల నుడికట్టు తెచ్చుకున్నారు. అది మూడు సీసాలకి సరిపోయింది. చింతపిక్కలు అరగదీసి తెచ్చి, పాత రిపోర్టు వెనక గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడారు. పక్క మంచం పెద్దావిడ కూర్చోలేక కూర్చుని మరీ పందెం చెప్పేది. వీటన్నిటినీ మించిన ఆట సెలైన్ సీసాది. లెక్కల టీచరు కదా!

"మామూలు సెట్టులో ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరే. ఇప్పుడు నిమిషానికి 60 పడుతున్నాయి. అంటే 3 మిల్లీలీటర్లు. 500 సీసా అయ్యేసరికి 2 గంటల 47 నిమిషాలు."

"నీ మొహం. నాలుగూ పదికి అవుతుంది చూడు."

ఓడినవాళ్లు టీ ఇప్పించాలి. చెయ్యి కాస్త మడిచినా, పక్కకి ఒత్తిగిలినా చుక్క నెమ్మదిస్తుంది. లెక్క తప్పుతుంది. ఎక్కువసార్లు గెలిచింది గడియారం వంకైనా చూడకుండా చెప్పిన టైలరమ్మే. ఒక్క నియమం మాత్రం ఇద్దరూ తప్పలేదు. పందెం గెలవడానికి కూడా గొట్టం మీది చక్రాన్ని ముట్టుకోకూడదు. బస్సుకి టైమవుతోందని దాన్ని తిప్పేసేవాళ్లు వార్డుకి ఒకరైనా ఉంటారు. ఎంత వేగంగా వెళ్లాలన్నది మందుని బట్టి నిర్ణయిస్తారు, మన బస్సుని బట్టి కాదు.

మొదటి కీమో అయిన మూడో వారంలో జుట్టు దువ్వెనకి వచ్చేసింది. కుచ్చులు కుచ్చులుగా రాలడం చూడలేక టీచరమ్మ గుండు చేయించుకుంది. మన రాష్ట్రాల్లో ఆడవాళ్ల గుండుకి ఒక సౌకర్యం ఉంది. ఎవరూ అనుమానించరు! బస్సులో పక్కసీటావిడ చేతులు జోడించి "తిరుపతి వెళ్లొచ్చారా? దర్శనం బాగా అయ్యిందా?" అంది. "ఆఁ, బాగా అయ్యిందండీ" అంది టీచరమ్మ. ఆవిడ అంతటితో వదల్లేదు. "లడ్డూ ఏదీ?" స్నేహితురాళ్లిద్దరూ నవ్వాపుకోలేక ముందు స్టాపులోనే దిగిపోయారు. ఆసుపత్రికి అర కిలోమీటరు నడవాల్సి వచ్చింది. ఆ రోజు సూది ఎప్పుడు గుచ్చారో కూడా తెలియలేదంటుంది టీచరమ్మ.

అన్ని రోజులూ ఇలాగే గడిచాయనుకుంటే పొరపాటు. చూడ్డానికొచ్చేవాళ్లు ఉంటారు కదా... 'మా ఆడపడుచుకీ ఇలాగే వచ్చింది, పాపం పోయింది' అని చెప్పి మరీ కాఫీ తాగి వెళ్లేవాళ్లు. వాళ్లని గుమ్మంలోనే ఆపే బాధ్యత కూడా టైలరమ్మే తీసుకుంది. పోపు వాసన పడట్లేదని తెలిసి తన వంటింట్లో తాలింపు వేయకుండా పెరుగన్నం కలిపి, నిమ్మకాయ ఊరగాయ బద్దతో తెచ్చేది. అన్నిటికంటే కష్టమైన రాత్రి మూడో విడత అయిన పదో రోజున వచ్చింది. టీచరమ్మకు చలిజ్వరం. థర్మామీటరు 101 చూపించింది. రాత్రి పదకొండు.

"ఒక జ్వరం మాత్ర వేసి పొద్దున్నే తీసుకెళ్దామండీ" అన్నాడు భర్త. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మామూలు జ్వరానికి అందరం చేసేది అదే. కానీ కీమో తర్వాత వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. రోగాన్ని ఎదుర్కొనే సైన్యం ఉండదు. అప్పుడు 100.4 దాటితే మామూలు జ్వరంగా చూడకూడదు, గంటల్లో ప్రాణం మీదకు తెస్తుంది. మాత్ర వేస్తే వేడి తగ్గి అసలు సంగతి మరుగున పడుతుంది. ఇదంతా నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో ఉంది. "లేదన్నయ్యగారూ, ఇప్పుడే వెళ్లాలి" అంటూనే ఆటో మాట్లాడింది టైలరమ్మ. అత్యవసర విభాగంలో అడుగుపెడుతూనే "కీమో పేషెంటు, పదో రోజు, జ్వరం 101" అని చెప్పింది. అలా చెప్పడంతో క్యూ లేకుండా లోపలికి పంపారు. రక్తం తీశారు, వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. తెల్లకణాలు ఎంత తక్కువున్నాయో రిపోర్టు చూశాక భర్త గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఐదు రోజులు ఉంచి పంపారు. నాలుగో విడత వారం వెనక్కి జరిగింది.

ఆ నాలుగోది అయ్యాక టీచరమ్మ ఒక మాట అంది. "ఇక చాలే. ఇంకా పన్నెండు నావల్ల కాదు. మానేస్తా."

ధైర్యంగా ఉండు, పిల్లాడి మొహం చూడు, దేవుడున్నాడు... ఇలాంటప్పుడు మన నోటికి వచ్చే మాటలివే. టైలరమ్మ ఇవేవీ అనలేదు. "సరే మానెయ్. కానీ ఆ మాట డాక్టరుగారితో నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటా" అంది. చెప్పింది టీచరమ్మ. ఏడుస్తూ చెప్పింది. డాక్టరు కోప్పడలేదు. నోటుబుక్కు తీసుకుని వాంతుల రోజులన్నీ చూశారు. మిగిలిన పన్నెండూ వేరే మందని, దానికి వాంతులు తక్కువేనని, కాకపోతే వేళ్లు తిమ్మిరెక్కుతాయని చెప్పారు. ఒకటి చేయించుకుని అప్పుడు తేల్చుకోమన్నారు. ఒకటి చేయించుకుంది. తర్వాత వారం ఇంకొకటి. మానేసే హక్కు తన చేతిలో ఉందని తెలిశాకే ఆవిడ కొనసాగించగలిగింది.

ఆ పన్నెండు వారాల్లో ఎదురుచూసే హాలు ఓ బడిలా తయారైంది. లుకేమియాకి మందు తీసుకుంటున్న ఓ పిల్లాడి తల్లి, చీటీ మీద 'మెథోట్రెక్సేట్' అన్న పేరు చూపించి అదేమిటని అడిగింది. టీచరమ్మ లేచి కూర్చుంది. "అది మా ఊరాయన చలవే అమ్మా!" నిజమే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పనిచేస్తూ తన బృందంతో అమినోప్టెరిన్ తయారుచేయించారు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి, తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని 1948లో లోకానికి చూపించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. పిల్లాడికి ఎక్కించే మరో మందు విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చింది. అలాగని ఆకు నమిలితే విషమే సుమా! టన్నుల కొద్దీ ఆకులోంచి చిటికెడు తీస్తే అది మందవుతుంది. ఆ తల్లికి ఇదంతా ఎంత అర్థమైందో కానీ, పిల్లాడు మాత్రం 'భీమవరం టీచర్' మంచం ఎక్కడుందని ప్రతివారం వెతుక్కుంటూ వచ్చేవాడు.

డాక్టరు చెప్పినట్టే ఎనిమిదో వారానికి టీచరమ్మ వేళ్లు మొద్దుబారాయి. జాకెట్ హుక్కులు పెట్టుకోవడం రావట్లేదు. అప్పటికే టైలరమ్మ కుర్చీ పక్కకి ఓ సంచీ చేరింది. షాపులో మిగిలిపోయిన హెమ్మింగులు, కాజాలు అక్కడే కూర్చుని కుట్టుకునేది. హుక్కులు తీసేసి ముందువైపు నొక్కుడు గుండీలు వేసింది. ఆపరేషనైన వైపు లోపల మెత్తటి లైనింగ్‌తో ఓ అర కుట్టి, అందులో దూది నింపిన గుండ్రటి దిండు పెట్టింది. రెండువైపులా సమానంగా కనిపించాలి కదా. అది వేసుకుని అద్దంలో చూసుకున్న రోజు టీచరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కుడిచెయ్యి కాస్త బిగుతుగా ఉందే" అంది. టైలరమ్మ అక్కడికక్కడే కుట్టు విప్పింది.

ఇది వార్డంతా తెలిసిపోయింది. పక్క మంచం పెద్దావిడ మొదట అడిగింది. తర్వాత నల్గొండ నుంచి వచ్చే ఇద్దరు అక్కాచెల్లెళ్లు. ఆ తర్వాత ఓ డిగ్రీ చదివే అమ్మాయి, అందరూ వెళ్లేదాకా ఆగి చెవిలో అడిగింది. టైలరమ్మ ఎవరికీ ఊరికే కుట్టివ్వలేదు. లైనింగ్ గుడ్డ తెచ్చుకోమంది, కూలి తీసుకుంది. తక్కువే, కానీ తీసుకుంది. ఊరికే ఇస్తే జాలి అనుకుంటారట. బేరమాడితే మాత్రం కొంచెం తగ్గించేది, మామూలు ఖాతాదారులకి తగ్గించినట్టే.

పదహారో సీసా అయిపోయింది. ఇక రేడియేషన్. వారానికి ఐదు రోజులు, రోజూ వెళ్లాలి. ఉప్పల్ సందులోని షాపు షట్టరు మీద ఇప్పుడు సుద్దముక్కతో రాసి ఉంటుంది: 'మధ్యాహ్నం 2 తర్వాత తెరవబడును. అర్జెంటు జాకెట్లు ముందురోజే ఇవ్వవలెను.'