బండి రైలెక్కిందన్నారు

అడ్వాన్సు కట్టినంతసేపు పట్టలేదు నమ్మకం కుదరడానికి. అది వెనక్కి రావడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది.

మా నాన్న దగ్గర ఒక పాత పోస్టాఫీసు పాసుబుక్కు ఉంది. అందులో జమ ఒక్కటే, 250 రూపాయలు. 1974లో బజాజ్ స్కూటర్ కోసం కట్టిన డిపాజిట్ అది. స్కూటర్లు, కార్ల అమ్మకాలు అప్పట్లో ప్రభుత్వ నియంత్రణ ఉత్తర్వుల కింద జరిగేవి. బుక్ చేసుకున్నవాడు ఆ డబ్బు డీలరు చేతిలో పెట్టనక్కర్లేదు. తన పేరుతోనే పోస్టాఫీసు సేవింగ్స్‌లో వేసి, ఆ పుస్తకాన్ని డీలరు పేర తనఖా పెట్టేవాడు. స్కూటర్ రావడానికి ఏడేళ్లు పట్టింది. ఈలోగా నాన్నకు రాయ్‌పూర్ వేగన్ రిపేర్ షాపులో రెండు ప్రమోషన్లు వచ్చాయి. నేను అద్దె సైకిల్ మీద తొక్కుడు నేర్చుకుని మోకాళ్లు పగలగొట్టుకున్నాను. బండి వచ్చాక నాన్న పుస్తకం విడిపించుకుని తెచ్చుకున్నారు. అందులోని వడ్డీ చూసి ‘ఏడేళ్లు ఆడించారు గానీ పైసా తినలేదు’ అని ఇప్పటికీ అంటుంటారు.

ఆ మాట నాకు 2025లో చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆ జనవరిలో మేం కారు కొనాలనుకున్నాం. నాన్నకు 84 ఏళ్లు. పార్వతీపురం దగ్గర మా ఊరు ఒకసారి చూసి రావాలని ఆయన పట్టు. రైలు మెట్లు ఎక్కలేరు, అద్దె కారంటే పడదు. నా స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే చౌరస్తాలో పోలీసులే జాలిపడుతున్నారు. పైగా అది రాయ్‌పూర్‌లో కార్లు కొనే సీజను. ఇక్కడి ఆటోమొబైల్ డీలర్ల సంఘం నిర్వహించే ఆటో ఎక్స్‌పోలో బండి కొంటే లైఫ్ ట్యాక్స్‌లో 50 శాతం రాయితీ అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. బస్తర్ నుంచి సర్గూజా దాకా జనం వచ్చి కొంటున్నారు. మేం చూసుకున్న చిన్న కారు మీద ఆ రాయితీ సుమారు 40 వేల రూపాయలు. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషికి అది చిన్న మొత్తం కాదు.

షోరూమ్ పేరు చెప్పను. చెప్పాల్సింది అక్కడి సేల్స్ కుర్రాడి గురించి. కొటేషన్ మీద నా ఇంటిపేరు చూడగానే హిందీ వదిలేసి ‘మీరు తెలుగువాళ్లా బాబాయ్?’ అన్నాడు. వాళ్లదీ బొబ్బిలి వైపే. తాత రైల్వేలో కలాసీగా వచ్చాడట. రాయ్‌పూర్‌లో ఇలాంటి పలకరింపులు కొత్త కాదు. 1931లో విజయనగరం రైలు మార్గం పూర్తయినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనం ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో ఒక సందు దాటేలోపు నాలుగిళ్లలో తెలుగు వినిపిస్తుంది. రెండో తరం, మూడో తరం పిల్లలకు తెలుగు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. పరాయి ఊళ్లో మన యాసలో ‘బాబాయ్’ అని పిలిచేవాడు దొరికితే రసీదు వెనక ఏం రాసి ఉందో ఎవడు చదువుతాడు?

నేనూ చదవలేదు. ముందు 11 వేలు కట్టాను. రెండు రోజులకు మళ్లీ ఫోన్. ‘ఎక్స్‌పో రద్దీ బాబాయ్, ఇంకో 50 వేలు కడితే ఛాసిస్ నంబరు మీ పేర వేసేస్తారు, బండి ఇంకెక్కడికీ పోదు.’ కట్టాను. మొత్తం 61 వేలు. ఎక్స్‌పో ముగిసేలోపు డెలివరీ, సగం ట్యాక్సు. ఈ రెండు ముక్కలూ అతను వాట్సాప్‌లో తెలుగులో, తన గొంతుతో చెప్పాడు. ఛాసిస్ నంబరు మాత్రం పంపలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో అడిగితే ‘బండి రైలెక్కేసింది బాబాయ్’ అన్నాడు. ఫ్యాక్టరీల నుంచి కార్లు గూడ్సు వేగన్లలో వస్తాయన్నది నిజమే. నాన్న ఆ మాట విని చాలా సంబరపడ్డారు. ఏ యార్డులో దిగుతుంది, ఎన్ని గంటల్లో ఖాళీ చేస్తారు అని తన పాత లెక్కలన్నీ బయటికి తీశారు. రెండో వారంలోనూ బండి రైల్లోనే ఉంది. ‘అంత మెల్లగా నడిచే వేగన్ నేనెప్పుడూ చూడలేదురా’ అన్నారు నాన్న. ఎక్స్‌పో ముగిసింది. బండి రాలేదు.

ఆ తర్వాత మాట్లాడింది కుర్రాడు కాదు, మేనేజరు. ఆయన ముందు పెట్టిన దారులు రెండే. మొత్తం లైఫ్ ట్యాక్స్ కట్టి మార్చి చివర్లో బండి తీసుకోవాలి, లేదా బుకింగ్ రద్దు చేసుకోవాలి. రద్దు చేసుకుంటే 10 వేలు కోత. అప్పుడు మొదటిసారి రసీదు తిరగేసి చూశాను. కళ్లద్దాలు మార్చుకుని మరీ చదవాల్సి వచ్చింది. డెలివరీ తేదీ కేవలం అంచనా. డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది. ప్రభుత్వ పన్నుల్లో మార్పులకు డీలరు బాధ్యుడు కాడు. రద్దు చేసుకుంటే ఖర్చులు మినహాయింపు. అన్ని షరతులూ నన్ను కట్టేసేవే. డీలరు ఫలానా పని చేసి తీరాలన్న వాక్యం వెతికినా లేదు.

‘పోనీ, నెలన్నర నా 61 వేలు మీ దగ్గరున్నాయి, వడ్డీ?’ అని అడిగాను. ‘ఇది బ్యాంకు కాదు సార్’ అన్నాడు మేనేజరు. ఆ మాటతో నాకు నానో కారు గుర్తొచ్చింది. 2009లో టాటాలు ఆ కారుకు బుకింగులు తెరిస్తే 2 లక్షల మందికి పైగా డబ్బు కట్టారు. లాటరీలో మొదటి లక్ష మందికి కార్లు కేటాయించారు. మిగిలినవాళ్లలో డిపాజిట్ అలాగే ఉంచినవాళ్లకు వడ్డీ ఇచ్చారు. అంతకుముందు 1983లో మారుతీ కోసం జనం తలా 10 వేలు కట్టి లాటరీ కోసం ఎదురుచూశారు. అప్పుడు కార్లు లేవు, అందుకే డిపాజిట్. ఇప్పుడు కార్లు కావలసినన్ని ఉన్నాయి. కొరత పోయింది, డిపాజిట్ మాత్రం మిగిలింది. వడ్డీ కూడా కొరతతో పాటే పోయినట్టుంది.

కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడారు. బుకింగ్ వ్యవహారం మీకూ డీలరుకూ మధ్యది అన్నారు. ఇది తప్పించుకునే మాట అనుకున్నాను గానీ, చట్టం కూడా ఇంచుమించు అదే చెబుతోందని తర్వాత తెలిసింది. కంపెనీ, డీలరు వేర్వేరు వ్యాపారులుగా ఒప్పందం చేసుకున్నప్పుడు, డీలరు చేసిన తప్పు కంపెనీకి తెలుసని రుజువైతే తప్ప దాన్ని కంపెనీ మీద మోపలేమని సుప్రీంకోర్టు 2021లో గోవా కొనుగోలుదారు ఒకరి కేసులో చెప్పింది. షోరూమ్ బోర్డు మీద కంపెనీ పేరు నిలువెత్తు అక్షరాల్లో ఉంటుంది, డీలరు పేరు కింద చిన్నగా ఉంటుంది. మన తగువు ఆ చిన్న అక్షరాలవాడితోనే.

మా మేనల్లుడు బిలాస్‌పూర్‌లో వకీలు. వాడు రెండు సంగతులు చెప్పాడు. మొదటిది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను. ఒప్పందంలో జరిమానా రాసుకున్నంత మాత్రాన అంతా ఊడ్చుకుపోవడానికి లేదు. సహేతుకమైన పరిహారమే దక్కుతుంది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఒక స్థలం వేలంలో కంపెనీ కట్టిన 78 లక్షల బయానా జప్తు చేసుకుని, అదే స్థలాన్ని తర్వాత ఎన్నో రెట్లు ఎక్కువకు అమ్ముకుంది. నష్టమే లేనప్పుడు జప్తు ఏమిటని సుప్రీంకోర్టు 2015లో ఆ డబ్బు తిరిగి ఇప్పించింది. ‘మామయ్యా, నీకు రావలసిన బండి ఇంకొకడికి అమ్మేసుంటారు. వాళ్లకు నష్టమెక్కడ?’ అన్నాడు వాడు.

రెండో సంగతి నాకు నచ్చలేదు. తేదీ గురించి, ట్యాక్సు గురించి రసీదులో ఒక్క ముక్క లేదు. ఉన్న ఆధారమల్లా ఆ కుర్రాడి వాయిస్ మెసేజీలే. వ్యాపారం నడిపే క్రమంలో ఏజెంటు చెప్పిన అబద్ధం యజమాని చెప్పిన అబద్ధం కిందే లెక్క. అది అదే చట్టంలో 238వ సెక్షను. కాబట్టి మెసేజీలు హిందీలోకి రాయించి పెట్టాలి. పెడితే డీలరు ముందు చేసే పని ఏమిటో ఊహించడానికి వకీలు కానక్కర్లేదు.

వారం రోజులు ఆ ఫైలు ముట్టుకోలేదు. మా ఆవిడ ‘పది వేలు పోతే పోయాయి, పిల్లాడి ఉద్యోగం తీయించకండి’ అంది. నాన్న దీనికి ఒప్పుకోలేదు. ‘వాడు మనకి అబద్ధం చెప్పలేదా? రైలెక్కిందని నాకు చెప్పలేదా?’ అన్నారు. ఆయనకు డబ్బు కంటే వేగన్ సంగతే ఎక్కువ మండింది. చివరికి కుర్రాడికే ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ‘బండి బయల్దేరిందని చెప్పమని మా అందరికీ చెప్పారు బాబాయ్. నాకూ తెలీదు. మీరు కేసు ఎట్టుకోండి. నేను ఇక్కడ ఎలాగూ ఉండను’ అన్నాడు. అది నిజమో, నా మనసు తేలిక చేయడానికి అన్నాడో ఇప్పటికీ తెలియదు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. దానికే కదలిక వచ్చింది. కోత 10 వేల నుంచి 5 వేలకు దిగింది. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లను తప్పుపట్టను. నేను లీగల్ నోటీసు ఇచ్చి, మే నెలలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. 2019 చట్టం ప్రకారం డబ్బు కొంత కట్టి, కొంత కడతానన్నవాడు కూడా వినియోగదారుడే. బండి చేతికి రాలేదు కాబట్టి నువ్వు కొనుగోలుదారుడివే కాదు అనడానికి వీల్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. రెండేళ్లలోపు వెళ్లాలి. చట్టం కాగితం మీద చాలా దయగలది. వాయిదాకు వెళ్లి బెంచీ మీద కూర్చుంటే మాత్రం ఒక పూట పోతుంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ట్రాక్టర్ కోసం వచ్చాడు. బుక్ చేసిన బండి ఆలస్యం చేసి, ధర పెరిగాక పెరిగిన ధర అడగడం అక్రమ వ్యాపారమేనని సుప్రీంకోర్టు 1994లోనే, అదీ ట్రాక్టర్ కేసులోనే చెప్పిందని మేనల్లుడు చెప్పిన ముక్క ఆయనకు చెప్పాను. ‘ఆ కాగితం నాకు దొరుకుతుందా?’ అని అడిగాడు. ప్రింటు తీసి తర్వాతి వాయిదాకు తీసుకెళ్లాను.

డీలరు జవాబులో మేం భయపడిందే ఉంది. ‘సదరు ఉద్యోగి వ్యక్తిగత హోదాలో చెప్పిన మాటలకు సంస్థ బాధ్యత లేదు. అతను ప్రస్తుతం మా ఉద్యోగంలో లేడు.’ ఈ రెండో వాక్యం చదివాక గెలవాలన్న పట్టుదల సగం చచ్చింది. ఇరుపక్షాల సమ్మతితో మధ్యవర్తిత్వానికి పంపారు. ఆగస్టు చివర్లో రాజీ కుదిరింది. 61 వేలూ కోత లేకుండా, పైన ఖర్చుల కింద 12 వేలు. పోయిన రాయితీ 40 వేలు పోయినట్టే. డీలరు వైపు మనిషి బయటికి వస్తూ ‘స్టాకు మీద మేం బ్యాంకుకు వడ్డీ కడతాం సార్, అది ఎవరికి కనబడుతుంది?’ అన్నాడు. అబద్ధం కాదు. కానీ ఆ వడ్డీ భారం నా 61 వేల మీద పెట్టడం ఏ రసీదులోనూ రాయలేదు.

తమాషా ఏమిటంటే, సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి దిగింది. సెస్సూ పోయింది. ‘డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది’ అన్న షరతు నా మెడకు ఉరి అనుకున్నాను గానీ, కదలకుండా కూర్చుని ఉంటే అదే నాకు కలిసొచ్చేది. మా ఆవిడ ఈ సంగతి వారానికోసారి గుర్తుచేస్తుంది.

దసరా ముందు కుర్రాడి ఫోన్ వచ్చింది. వేరే కంపెనీ షోరూమ్‌లో చేరాడట. ‘ధరలు తగ్గాయి బాబాయ్, తాతగారిని ఊరు తీసుకెళ్లాలన్నారు కదా’ అన్నాడు. సిగ్గుపడుతూనే అడిగాడు. డిపాజిట్ ఎంతన్నాను. 5 వేలు చాలన్నాడు. రసీదు మీద డెలివరీ తేదీ రాసి, మేనేజరుతో సంతకం పెట్టించి తెస్తే ఆ సాయంత్రమే కడతానన్నాను. అడిగి చెబుతానన్నాడు. రెండు రోజులకు చేశాడు. ‘తేదీ రాయరంట బాబాయ్.’

నాన్నను నవంబరులో రైల్లోనే తీసుకెళ్లాం. పార్వతీపురం స్టేషన్‌లో ఇద్దరు కూలీలు కుర్చీతో సహా దించారు.