సుజాత స్కానింగ్ రిపోర్టు

11 జూన్ 2024, మంగళవారం

సుజాత తెనాలి బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది, చేతిలో స్కానింగ్ రిపోర్టుతో. "పిన్నీ, గర్భసంచిలో మూడు గడ్డలున్నాయట. సంచి తీయించుకుంటే పీడా పోతుందన్నారు." పిల్లల కోసం ఎదురుచూస్తున్న పిల్లతో ఆ మాట అనడానికి ఆ డాక్టరుకు నోరెలా వచ్చిందో! కోపంతో రాత్రంతా నిద్ర లేదు.

13 జూన్, గురువారం

విజయవాడలో వేరే గైనకాలజిస్టుకు చూపించాం. ఆవిడ కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి మరీ చెప్పింది. ఈ గడ్డల్నే ఫైబ్రాయిడ్లంటారు. బయటి గోడ మీద పెరిగే ఫైబ్రాయిడ్ సాధారణంగా గర్భానికి అడ్డు రాదట. గోడ కండరంలో ఉన్నది సైజును బట్టి ఇబ్బంది పెట్టొచ్చు. లోపలి పొర కింద పెరిగి సంచిలోకి ఉబ్బేది మాత్రం చిన్నదైనా తంటాయే. పిండం అతుక్కోవాల్సిన చోటు చెడుతుంది, గర్భం పోయే ముప్పూ పెరుగుతుంది. ఒక్కోసారి ట్యూబు మొదట్లోనే గడ్డ పెరిగి దారి మూసేస్తుంది.

సుజాతకు రెండు బయటివే. మూడోది, రెండు సెంటీమీటర్లది, లోపలికి పొడుచుకొచ్చింది. నెలసరిలో రక్తం ముద్దలు ముద్దలుగా పోవడం, హిమోగ్లోబిన్ 8కి దిగడం దానివల్లేనట. పొట్ట కోయకుండా హిస్టరోస్కోపీతో కింది నుంచే తీయొచ్చంది. ముందు ఐరన్ ఎక్కించి రక్తం పెంచాలి. "మీవారికీ వీర్య పరీక్ష చేయిద్దాం" అన్నప్పుడు అల్లుడు తలదించుకున్నాడు గానీ కాదనలేదు. మంచి పిల్లాడు.

క్యాన్సరేమోనని సుజాత భయం. ఇలాంటి గడ్డ క్యాన్సరవడం చాలా అరుదని ఆవిడ చెప్పాకే పిల్ల ముఖం తేటపడింది.

16 జూన్, ఆదివారం

సుజాత అత్తగారి ఫోను. "మా వీధిలో సగంమంది తీయించుకున్నారు వదినగారూ, ఏమయింది?" ఆవిడ మాట గాలి మాట కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే, మన ఆంధ్రలో 8.9. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఆవిడకు నెమ్మదిగానే చెప్పాను. గడ్డలున్నా చాలామందికి మామూలుగానే కాన్పులవుతాయి. పిల్లలు కలగకపోవడానికి గడ్డలొక్కటే కారణమయ్యేది నూటికి ఇద్దరు ముగ్గురిలోనే. ఆవిడ విన్నది. "మరి ఆ లోపలిదొక్కటీ తీయించండి" అంది.

22 జూన్, శనివారం

ఐరన్ ఎక్కించారు. గడ్డ తీస్తే గర్భం ఖాయమని డాక్టరు మాటివ్వలేదు, అవకాశం మెరుగవుతుందంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

స్టాఫ్‌రూములో తోటి టీచర్లందరికీ చెప్పాను: రిపోర్టులో గడ్డ అని కనిపిస్తే ముందు అది ఎక్కడుందో అడగండి. సంచి తీసేయాలంటే మరో డాక్టరును చూడకుండా సంతకం పెట్టకండి.