రెండు లెక్కల పుస్తకములు

మన పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, గణితము బోధించు నేను ఏమి వ్రాయగలనని మొదట సందేహించితిని. ఆ వారముననే తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి నిలిచి, "సార్, దుబాయిల ఒక్క చాయ్ ఎంత?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేను నవ్వలేదు. ఆ బాలుని తండ్రి ఆ దేశముననే యున్నాడు. చదువు మాని తానును అచ్చటికి పోవలెనని వాడు తలచుచున్నట్లు నాకు ముందే తెలియును. కావున ఈ వ్యాసము వాని ప్రశ్నకు ప్రత్యుత్తరమని చదువరులు గ్రహింతురుగాక.

బోధన్ పరిసర గ్రామములలో గల్ఫు దేశములకు పోయిన మనిషి లేని వాడ అరుదు. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియై కాలువలు పారినప్పుడును, 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినప్పుడును, పని వెదకికొనుచు పరస్థలముల వారే మన యూరికి వచ్చిరి. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడెను. అంతకు ఎన్నో యేండ్లకు పూర్వమే మనవారు ఎడారి దేశముల దారి పట్టియుండిరి. మూతపడిన పిదప, తండ్రి దూరదేశమున నున్న పిల్లలు నా తరగతిలో మరింత ఎక్కువైరి. నేనును ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పట్టము పొంది, కొన్నాళ్లు ఒక చిన్న పాఠశాలలో పనిచేసి, 2011 ఏప్రిలులో షార్జాకు పోయి, అచ్చటి భారతీయ పాఠశాల యొకదానిలో మూడేండ్లు బోధించితిని.

ఇచ్చట ఒక విచిత్రము చెప్పవలసి యున్నది. మన తాతల కాలమున ఈ ప్రాంతము నిజాము రాజ్యములోనిది. చలామణి యైనది హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనెడివారు. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానము. కృష్ణా గుంటూరు మండలములనుండి ఇచ్చటికి వచ్చి భూములు కొన్న రైతులు ప్రతి వస్తువునకు రెండు ధరలు మనస్సులో లెక్కించుకొనవలసి వచ్చెడిది. అదే కాలమున దుబాయి, షార్జా రేవులలో చెల్లినది మన ఇండియా రూపాయియే! హాలీ సిక్కా 1959లో రద్దయ్యెను. అదే 1959లో గల్ఫు దేశముల కొరకు మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకమైన రూపాయిని అచ్చొత్తించెను. 1966లో రూపాయి విలువ తగ్గింపబడగా దుబాయి, షార్జాలు దానిని విడనాడెను. ఎమిరేట్ల దిర్హము 1973లో పుట్టెను. పరదేశపు ధరను ఇంటి నాణెముతో గుణించు అలవాటు మనకు క్రొత్తది కాదని చెప్పుటకే ఇంత వ్రాసితిని.

నేను షార్జాలో దిగిన మొదటి దినమున ఒక దిర్హమునకు చాయ్ త్రాగితిని. అప్పుడు దిర్హము స్థూలముగా 12 రూపాయలు. బోధన్ బస్టాండులో 5 రూపాయల చాయ్ ఇచ్చట 12 రూపాయలా యని నా గుండె కలుక్కుమనెను. మొదటి నెలయంతయు ఇట్లే గడచెను. క్షవరము పది దిర్హములు, అనగా 120 రూపాయలు! పుంటికూర చిన్న కట్ట రెండున్నర దిర్హములు, అనగా 30 రూపాయలు! పెట్రోలు మాత్రము లీటరు 1 దిర్హము 72 ఫిల్సులు. మన యూర 70 రూపాయలకు కొను వస్తువు అచ్చట 21 రూపాయలకే దొరకుట చూచి ఆశ్చర్యపడితిని. నాకు వాహనము లేదు గనుక ఆ చవుకతనము నాకు కొరగాలేదు.

కొన్ని వారములకు, నేను గణితోపాధ్యాయుడనై యుండియు తప్పు లెక్క చేయుచున్నానని తోచెను. జీతము దిర్హములలో వచ్చుచుండగా ఖర్చును రూపాయలలో చూచి దుఃఖించుట సరికాదు. జీతమును రూపాయలలో చూచి ఖర్చును మరచి సంతోషించుట అంతకంటె తప్పు. నాణెమును మార్చుట గాక, ఆ వస్తువునకై మనిషి ఎంతసేపు పనిచేయవలెనో చూచుటయే సరియైన కొలత. కావున ఒక పుస్తకము కొని ఈ రీతిగా వ్రాసికొంటిని.

మా బసకు సమీపమున నున్న కూలీల క్యాంపులో బోధన్ ప్రాంతపు వాడొకడు భవన నిర్మాణ పని చేయుచుండెను. నెలకు 800 దిర్హములు. దినమునకు 8 గంటల చొప్పున 26 దినములు. అనగా గంటకు నాలుగు దిర్హములకు కొంచెము తక్కువ. బోధన్‌లో అప్పుడు మేస్త్రీ క్రింద కూలి దినమునకు 200 రూపాయలు, అనగా గంటకు 25 రూపాయలు. ఇక చూడుడు. కిలో బియ్యము అచ్చట 4 దిర్హములు, ఇచ్చట 28 రూపాయలు. రెండు చోట్లను గంటకు కొంచెము మించిన శ్రమయే. చాయ్‌కి అచ్చట 16 నిమిషములు, ఇచ్చట 12. కోడిమాంసము అచ్చట కిలో 11 దిర్హములు, మూడు గంటలకు లోపల. ఇచ్చట 130 రూపాయలు, ఐదు గంటలకు పైన. క్షవరమునకు అచ్చట రెండున్నర గంటలు దాటును, ఇచ్చట గంటంబావు చాలును. పుంటికూర కట్టకు అచ్చట ఇంచుమించు 40 నిమిషములు, ఇచ్చట 12.

ఈ లెక్క ముగించిన రాత్రి నేను చాలసేపు దానినే చూచుచు కూర్చుంటిని. సముద్రము దాటి పోయిన మనిషి అన్నము కొరకు పడు శ్రమ ఇంటివద్ద పడు శ్రమతో సమానమే! అట్లయిన మిగులు ఎక్కడనుండి వచ్చుచున్నది? ఒకటి, అచ్చట నెల పొడుగున పని యుండును. మన యూర కోతలు, చెరకు నరుకుట ముగిసిన పిదప పదిహేను దినముల కూలి దొరకుట కష్టము. రెండవది, అచ్చట మనిషి సంసారము చేయడు. ఒక గదిలో ఎనమండుగురు పరుండెదరు. పండుగ లేదు, పెండ్లి లేదు, చుట్టము రాడు, బిడ్డ చేయి చాచి మిఠాయి అడుగదు. అచ్చటి మిగులు చవుకతనము వలన వచ్చినది కాదు. బ్రదుకును వాయిదా వేసినందువలన వచ్చినది.

ఆ కూలివాని లెక్క పూర్తిగా వినుడు. 800 దిర్హములలో తిండికి 250, ఫోనునకు 50 పోగా 500 మిగులును, అనగా 6,000 రూపాయలు. అతడు వీసా కొరకు ఒక లక్ష రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చియుండెను. నెలకు వడ్డీయే 3,000. మిగులులో సగము ఆ విధముగా కరగిపోవుచుండగా అసలు ఎన్నడు తీరును?

నా స్థితి అతని కంటె మేలు. నా జీతము 2,800 దిర్హములు. ఒక మంచము పట్టు చోటికి 500, తిండికి 300, తక్కిన వానికి 200, మిగిలినది 1,800. నేను తెచ్చిన అప్పు 90,000 రూపాయలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ దేశమున నాడు శుక్రవారము సెలవు గనుక మా తెలుగువారి ఆరాధన శుక్రవారమే జరిగెడిది. ఆరాధన ముగిసిన తరువాత అందరును ఒకచోట నిలిచి ఊరి మాటలు చెప్పుకొనునప్పుడు, ఎవడు నెలకు ఎంత పంపెనను మాటయే ముఖ్యముగా వినవచ్చెడిది. ఎవడు రాత్రి ఏమి తినెనని ఎవడును అడుగడు. నేను చాల రాత్రులు ఖుబూసు రొట్టె, పెరుగు తిని పరుంటిని. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రము బిర్యానీ తింటినని చెప్పుచుంటిని.

ఇక నా తప్పు ఒప్పుకొనవలసిన చోటు వచ్చినది. 2012 జూనులో గదిలోని వారందరి చేతులలో క్రొత్త ఫోనులు చూచి, 600 దిర్హములు పెట్టి నేనును ఒకటి కొంటిని. ఆ నెల ఇంటికి సగమే పంపి, జీతము ఆలస్యమైనదని నా భార్యతో అబద్ధమాడితిని. అంతటితో ఆగక కొన్ని నెలల తరువాత, "నేను నెలనెల ఇంత పంపుచుండగా అది ఏమగుచున్నది?" అని ఆమెనే నిందించితిని. ఆమె ఒక్క క్షణము ఊరకుండి, "మీరు వచ్చినప్పుడు చూతురుగాని" అని మాత్రము పలికెను.

2013 ఆగస్టులో రూపాయి పడిపోయి దిర్హము 18 రూపాయలు దాటెను. డబ్బు పంపు దుకాణముల ముందు మనవారు బారులు తీరిరి. నేనును పండుగవలె సంతోషించితిని. జీతము పెరుగలేదు, పని తగ్గలేదు. అయినను ధనవంతులమైతిమని తలచితిమి. మన ఇండ్లలో ఆ ధనము ఏమైనదో అప్పుడు మాకు తెలియదు.

2014 మార్చిలో నేను తిరిగి వచ్చితిని. నాలుగవ దినమున నా భార్య దీపము వద్ద ఒక పుస్తకము తెచ్చి నా ముందు పెట్టెను. అది మా పెద్దమ్మాయి పాత నోటు పుస్తకము; వెనుకనుండి ఆమె ప్రతి దినపు ఖర్చు వ్రాసియుండెను. వడ్డీ, మా తల్లిగారి చక్కెర వ్యాధి మందులు, పిల్లల ఫీజు, గ్యాసు బండ. 2013 వర్షాకాలము చివర ఉల్లిగడ్డ కిలో 60 రూపాయలని వ్రాసి, ప్రక్కన "పావు కిలో" అని యున్నది. 2012 జూను పుట వద్ద నా చేయి ఆగెను. అంతవరకు "పాలు 1 లీటరు" అని యున్న చోట "పాలు అర లీటరు" అని యుండెను. దాని క్రింద చిన్న అక్షరములతో "పిల్లలకు మాత్రమే" అని వ్రాసియుండెను. పూర్తి లీటరు మరల వచ్చుటకు ఏడు నెలలు పట్టెను.

నేను లోపలికి పోయి నా పుస్తకము తెచ్చి ఆమె చేతిలో పెట్టితిని. ఆమె మెల్లగా చదివెను. ఫోను ఖరీదు వ్రాసిన పుటను దాటి పోయెను; అక్కడ ఏమియు అనలేదు. "రాత్రి: ఖుబూసు, పెరుగు" అని వరుసగా వ్రాసిన పుటలు వచ్చినప్పుడు మాత్రము తలయెత్తి, "బిర్యానీ యంటిరి గదా?" అని అడిగెను. నా నోట మాట రాలేదు. మూడేండ్లు మేమిద్దరము ఒకరినొకరు ప్రేమించియే ఒకరినొకరు మోసగించితిమి. ఆ అప్పు ఏ బ్యాంకునకును తీర్చునది కాదు.

బైబిలులో తప్పిపోయిన కుమారుడును దూరదేశమున ఆకలిగొని, తన తండ్రి యింటి కూలివారి భోజనముతో తన స్థితిని పోల్చి చూచుకొనెను. ఆ పోలిక సత్యమైనది గనుకనే అతడు లేచి నడచెను. నేను పోల్చిన పోలికలో ఇంటి భోజనపు పుట లేకపోయెను.

ఆ బాలుడు చాయ్ ధర అడిగిన మరునాడు నేను నల్లబల్లపై ఈ గంటల లెక్కయే వేయించితిని. విద్యార్థులారా, మీలో కొందరు రేపు పోవలసి రావచ్చును; పోవుట పాపము కాదు. కాని తెలిసి పొండు. పదవ తరగతి ఉత్తీర్ణుడు కాని వాడు కూలికై గల్ఫునకు పోవలెనన్న పాస్‌పోర్టుపై వలస అనుమతి పొందవలెను. ఉత్తీర్ణునకు అది అక్కరలేదు. ప్రభుత్వము నమోదు చేసిన ఏజెంటు 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి తీసికొనరాదు. వలస అనుమతితో పోవువారికి రెండేండ్లకు 275 రూపాయల రుసుముతో పది లక్షల భీమా కలదు. లక్షలు అడుగువాని మాట వినుటకు ముందు ఈ మూడు సంగతులు జ్ఞాపకము చేసికొనుడు. తల్లిదండ్రులారా, దిర్హమును రూపాయల ధరతో గుణించుటకు ముందు దానిని గంటలతో భాగించి చూడుడు.

ఆ బాలుడు లెక్కను కాగితముపై ఎత్తి వ్రాసికొని ఇంటికి కొనిపోయెను. సోమవారము నావద్దకు వచ్చి, "సార్, నిన్న నాన్న ఫోన్ చేసిండు" అనెను. ప్రతివారము బూట్లు పంపుమని అడుగువాడు, ఆ దినమున "నాన్నా, రాత్రి ఏం తిన్నవ్?" అని అడిగెనట. తండ్రి కొంతసేపు మాటాడలేదట. పిమ్మట, "ఖుబూస్, పెరుగు" అని చెప్పెనట.

వాడు ఈ సంవత్సరము చదువు మానలేదు. ముందేమగునో దేవునికి ఎరుక. అయినను ఆ యింట రెండు పుస్తకములును తెరువబడినవి. ఇట్టి యిండ్లు మన పాఠశాలకు పిల్లలను పంపు గ్రామములలో ఇంకను ఎన్నో కలవు. ఈ సంచిక చేరిన ప్రతి యింటిలో ఈ వారము ఎవరైన ఒకరు ఆ ప్రశ్న అడిగినచో నా శ్రమ ఫలించినట్లే తలంచెదను.