బొమ్మలో లేని చోటు

వైద్య పాఠం ఎవరి శరీరాన్ని చూసి రాశారో అడగటం మాకెవరూ నేర్పలేదు. ఎంబీబీఎస్‌లో చదివినప్పుడు మెదడు అందరికీ ఒకటే కదా అనుకున్నాను. పదకొండేళ్ల తర్వాత, అమెరికాలో డిపెండెంట్ వీసా మీద ఉంటూ, మళ్లీ డాక్టర్ని కావడానికి యుఎస్ఎమ్ఎల్ఇ కోసం న్యూరోఅనాటమీ తెరిచాను. "ఇప్పుడెందుకమ్మా ఈ చదువులు?" అని ఫోన్లో అత్తయ్య. పాప స్కూల్లో ఉన్నంతసేపే నా చదువు.

ఈసారి నన్ను ఆపేసింది హోమంక్యులస్ బొమ్మ. మెదడు పైపొరలో స్పర్శ తెలిసే పట్టీ మీద శరీరమంతా తలకిందులుగా పరుచుకుని ఉంటుంది. పాదం రెండు అర్ధగోళాల మధ్య లోపలి గోడ మీద, చెయ్యీ ముఖం పక్కన. స్పర్శ ఎంత సూక్ష్మమైతే అంత చోటు. అందుకే పెదాలూ బొటనవేలూ ఇంతింత, వీపు చిటికెడు. యాంటీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ మూసుకుపోతే కాలు దెబ్బతింటుంది, మిడిల్ అయితే ముఖం, చెయ్యి. ఈ బొమ్మ గుర్తుంటే పరీక్షలో జవాబు దొరికినట్టే.

హోమంక్యులస్ అంటే లాటిన్‌లో చిన్న మనిషి. చూస్తే మగమనిషే! మాంట్రియల్‌లో న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెలకువగా ఉన్న రోగుల మెదడుకి సన్నగా కరెంటు తాకించి, ఎక్కడ ఏం తెలుస్తోందో అడిగి ఈ పటం కట్టాడు. 1937లో మొదటిసారి, 1950లో ఇప్పుడు మనం చూసే రూపంలో అచ్చయింది. పాదాల కింద పురుషాంగం ఉంది. స్త్రీ జననాంగాలకి చోటే లేదు. ఆ బొమ్మ గీసింది హార్టెన్స్ కాంట్లీ అనే స్త్రీ. పటం డాక్టరుది, చెయ్యి మాత్రం ఆమెది.

2011లో ఎఫ్ఎమ్ఆర్ఐతో యోని, క్లిటోరిస్, గర్భాశయ ముఖద్వారాలకి మెదడులో చోటు వెతికారు. 2021 చివర్లో బెర్లిన్ పరిశోధకులు 20 మంది స్త్రీలలో చూస్తే, క్లిటోరిస్ స్పర్శ తెలిసే చోటు పాదాల కింద కాదు, తుంటి చోటు పక్కన కనబడింది. అదీ ఒక్కొక్కరిలో కాస్త తేడాగా.

హౌస్‌సర్జన్‌గా ఓపీలో కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. "ఎక్కడ నొప్పి?" అంటే "అక్కడేనమ్మా" అనేవాళ్లు. కడుపు, నడుము అంటూ చుట్టూ తిరిగేవాళ్లు గానీ ఆ చోటు పేరు నోటికి రాదు. యోని అన్నది పుస్తకంలో మాట. వాడుకలో ఉన్నవి మగాళ్ల నోట తిట్లయి కూర్చున్నాయి. తిట్టుతో జబ్బెలా చెప్పుకోవాలి? వాళ్లది సిగ్గు అనుకుని వదిలేశాం. పెద్ద పెద్ద పుస్తకాలు వదిలేసినదాన్ని ఏమనాలి?

పరీక్షలో వాళ్లడిగిన జవాబే గుర్తుపెడతాను. నాకు లైసెన్సు కావాలి. అత్తయ్యకి చెప్పాను, రేపు "అక్కడ" అన్న మనిషిని "ఎక్కడమ్మా, ఎలా ఉంది?" అని కూర్చోబెట్టి అడగటానికే ఈ చదువని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ ఒకటి అడగాలని ఉందే" అంది.