వేరుతో సహా పట్టుకరా!

రాత్రి రెండింటికి ఫోన్ మోగిందంటే చేవెళ్లలోని ఆ ఇంట్లో అందరికీ మెలకువే. "మల్ల ఆగిందా బిడ్డా నీ మిషిను?" అంటాడు తండ్రి, మంచం మీది నుంచే.

కొడుకు పనిచేసేది మెయిన్‌ఫ్రేమ్ మీద. బ్యాంకులు, బీమా సంస్థల లెక్కలు తేల్చే పెద్ద కంప్యూటర్ అది. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 వంశం. వై2కే రోజుల్లో ఎందరో కుర్రాళ్లు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, చిలుకూరు బాలాజీకి మొక్కుకుని విమానం ఎక్కారు. ఇతడికి మాత్రం హైదరాబాద్‌లోనే ఉద్యోగం దొరికింది.

చేరిన కొత్తలో ఓ రాత్రి ముఖ్యమైన జాబ్ ఒకటి మధ్యలో ఆగిపోయింది. తెల్లారేలోగా పూర్తి కావాలి. కంగారులో పాత ఔట్‌పుట్ అంతా చెరిపేసి, జాబ్ మళ్లీ వేశాడు. నడిచింది. హమ్మయ్య అనుకున్నాడు.

నాలుగు రోజులకు మళ్లీ అదే దెబ్బ! సాఫ్ట్‌వేర్ కంపెనీకి చెబితే, "డంప్ పంపండి" అన్నారు. డంప్ అంటే చెత్త కాదు. ప్రోగ్రామ్ ఆగిన క్షణంలో మెమరీలో ఏముందో చూపించే ఫొటో లాంటిది. మొదటిది ఇతడే చెరిపేశాడు. రెండోది, ఫైల్లో చోటు చాలక సగమే పడింది.

ఆధారం లేకపోతే అనుమానమే మిగులుతుంది. "రాత్రి డ్యూటీ ఆపరేటరే ఏదో నొక్కి ఉంటాడు" అన్నారు ఆఫీసులో. ఆ ఆపరేటర్ మొయినాబాద్ కుర్రాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఇద్దరూ వచ్చేది ఒకే మెహిదీపట్నం బస్సులో. ఆ వారం పక్కపక్కనే కూర్చున్నా మాటల్లేవు.

ఇంట్లో సంగతి చెబితే తండ్రి నవ్వాడు. "నిరుడు టమాట ఎండిపోతుంటె ఒక్క ఆకు తెంపుకొని ఏవో సారు కాడికి పోయిన. ఆకు చూసి ఏం జెప్పాలె? చెట్టును వేరుతో సహా పట్టుకరా, ఎప్పుడు నాటినవ్, ఏం మందు కొట్టినవ్, నీళ్లెప్పుడు పెట్టినవ్, అన్నీ చెప్పు అన్నడు. అప్పటికే నేను ఎండిన చెట్లన్నీ పీకి కాలవెట్టిన!"

మర్నాడు కొడుకు ఒక కాగితం మీద రాసుకున్నాడు. తప్పు కోడ్, మెసేజ్ నంబరు పొల్లుపోకుండా. జరిగిన టైము నిమిషాలతో సహా. సిస్టమ్ లాగ్. యంత్రం తన తప్పులను తానే రాసుకునే లాగ్‌రెక్. సాఫ్ట్‌వేర్ వెర్షన్, వేసిన ప్యాచ్‌లు. ఈమధ్య ఏం మార్చారు? డంప్ ఫైలుకు చోటు పెంచారు. అదే తప్పు మళ్లీ జరిగితే వెంటనే డంప్ తీసేలా 'స్లిప్' అనే ఉచ్చు కూడా పెట్టారు. చేలో లింగాకర్షక బుట్ట కట్టినట్టే!

తొమ్మిదో రోజు పురుగు దొరికింది. ఈసారి దేన్నీ చెరపలేదు. ముందు అన్నీ దాచి, తర్వాతే జాబ్ మళ్లీ వేశాడు. డంపులో ఖాతాదారుల వివరాలూ ఉండొచ్చు కాబట్టి, పైవాళ్ల అనుమతి తీసుకునే కంపెనీకి పంపాడు. అది తమకు తెలిసిన లోపమేననీ, దానికి ప్యాచ్ సిద్ధంగా ఉందనీ జవాబొచ్చింది.

అంతకన్నా ముఖ్యమైనది సిస్టమ్ లాగ్‌లో దొరికింది. ఆపరేటర్ ఏ కమాండ్ ఇచ్చినా అందులో టైముతో సహా పడుతుంది. తప్పు జరిగిన సమయంలో ఒక్క కమాండూ లేదు! ఆ పేజీని ఇతడే తీసుకెళ్లి మేనేజర్ బల్లమీద పెట్టాడు. మొదటి రాత్రి ఆధారాలు చెరిపింది తనేనని కూడా చెప్పాడు. చెప్పడానికి గొంతు పెగల్లేదు గానీ, చెప్పాక మనసు తేలికపడింది.

ఆ శనివారం ఆపరేటర్ చిలుకూరులో మొక్కు తీర్చుకున్నాడు. ఉద్యోగం నిలబడితే 108 ప్రదక్షిణలు చేస్తానన్నాడట. ఇతడూ వెంట వెళ్లాడు. చేతిలో అంకెల కాగితం, ఒక్కో చుట్టుకూ ఒక్కో గీటు.

"ఇదేందిరా, ఇక్కడ కూడా లాగేనా?"

"మరి? లెక్క తప్పితే మల్ల మొదట్నుంచి నువ్వు తిరుగుతవా అన్నా!" అన్నాడు ఆపరేటర్, నడక ఆపకుండానే.