పట్టు ఎక్కువైన లోహం

తమిళనాడులోని ధర్మపురి ఎర్రనేలల్లో వానను నమ్ముకుని పండే పంటల్లో ఆముదం ఒకటి. పక్కనే సేలం జిల్లా ఏత్తాపూర్‌లో దానికోసం తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒక పరిశోధన కేంద్రమే నడుపుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాబోటి కుటుంబాలకు ఆముదమంటే తలకు రాసుకునేది, కడుపు శుభ్రానికి తాగించేది. రసాయనశాస్త్రం చెప్పడం వృత్తయ్యాక నాకు ఆ నూనే ఉత్ప్రేరకాల విషయంలో గురువైంది.

ఆముదంలో నూటికి 85 నుంచి 90 పాళ్లు రిసినోలెయిక్ ఆమ్లమే. దాని కార్బన్ గొలుసులో 9వ కార్బన్ దగ్గర ఒక ద్విబంధం, 12వ కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ ఉంటాయి. నికెల్ పొడిని ఉత్ప్రేరకంగా వేసి హైడ్రోజన్ ఎక్కిస్తే ద్విబంధం నిండాలి, హైడ్రాక్సిల్ మాత్రం ఊడకూడదు. ఊడితే చివరికి మామూలు స్టియరిక్ ఆమ్లం మిగులుతుంది. నిలిస్తే 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని లిథియంతో సబ్బుగా మార్చి ఖనిజ తైలంలో కలిపితే లిథియం గ్రీజు తయారవుతుంది.

తొప్పూరు కనుమ దిగిన లారీల చక్రాలు విప్పే షెడ్డులో ఆ గ్రీజును దగ్గరగా చూశాను. హబ్ మూత తీస్తే బేరింగు గుళ్ల మధ్య తేనెరంగులో, వెన్నముద్దలా కదలకుండా ఉంది. ఘాటులో బ్రేకులు కాలి హబ్ ముట్టుకోలేనంత వేడెక్కినా అది కరిగి కారిపోలేదు. "మంచి గ్రీజైతే వేడికి జారదు సార్" అన్నాడు మెకానిక్, వేలితో తీసి చూపిస్తూ. ఆ సబ్బు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని నూనెను పట్టి ఉంచడంలో ఆ 12వ కార్బన్ మీది హైడ్రాక్సిల్‌కు పెద్ద పాత్ర ఉంది. అంటే ఉత్ప్రేరకం చేసిన పని ఎంత ముఖ్యమో, చేయకుండా వదిలేసిన పనీ అంతే ముఖ్యం. అంతకుముందు నేను ఉత్ప్రేరకాన్ని వేగంతోనే కొలిచేవాణ్ణి.

పెట్రోకెమికల్ పరిశ్రమలో ఇదే సమస్య ఇంకా సున్నితం. నాఫ్తాను పగలగొట్టి తీసిన ఇథిలీన్‌లో కొద్దిగా ఎసిటిలీన్ కలిసి వస్తుంది. దాన్ని పీపీఎం (పది లక్షల్లో పాళ్లు) లెక్కకు దించకపోతే పాలిథీన్ చేసే ఉత్ప్రేరకం చెడిపోతుంది. పల్లాడియం ఆ ఎసిటిలీన్‌కు హైడ్రోజన్‌ను చకచకా అందిస్తుంది కానీ, అక్కడితో ఆగక ఇథిలీన్‌ను కూడా ఈథేన్ చేసేస్తుంది. అందుకే వెండి కలుపుతారు. హైడ్రోజనీకరణంలో వెండి సొంతంగా చేసేది దాదాపు ఏమీ లేదు. పల్లాడియం పరమాణువుల గుంపుల మధ్య చేరి వాటిని విడదీస్తుంది, లోహం లోపల హైడ్రోజన్ పేరుకోకుండా చూస్తుంది. అప్పుడు ఇథిలీన్ పుట్టగానే ఉపరితలాన్ని వదిలి వెళ్లిపోతుంది.

ఇలాంటి లోహాలకు విషమైన గంధకం సంగతి కూడా ఈ పట్టు విడుపుల్లోనే ఉంది. పల్లాడియం, ప్లాటినం, నికెల్ గొప్ప ఉత్ప్రేరకాలైంది వచ్చిన అణువును గట్టిగా అందుకోగలగడం వల్లే. గంధకాన్నీ అవి అలాగే అందుకుంటాయి. ధర్మపురి బస్టాండులో కిటికీ సీటు పట్టిన ప్రయాణికుడు సేలం దాకా లేవనట్టు, హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి వచ్చిన గంధకం చోటు పట్టాక లేవదు. ఒక్కో గంధకం పరమాణువు చుట్టుపక్కల స్థానాలను కూడా పనికి రాకుండా చేస్తుంది. కాబట్టి పీపీఎం మోతాదే టన్నుల ఉత్ప్రేరకాన్ని మూలన పడేయగలదు.

2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మించకూడదు. ఆ గంధకాన్ని తీసే బరువైన పనిని రిఫైనరీల్లో కోబాల్ట్-మాలిబ్డినం, నికెల్-మాలిబ్డినం సల్ఫైడ్లు చేస్తాయి. అవి గంధకంతోనే తయారైనవి, దానికి బెదరవు. ఆ తర్వాత ఆరోమాటిక్‌లను తగ్గించాల్సినచోట ప్లాటినం-పల్లాడియం జంట వస్తుంది. ఆమ్లగుణమున్న జియోలైట్ అనే సూక్ష్మరంధ్రాల పదార్థం మీద కూర్చోబెడితే ఆ లోహ కణాల్లో ఎలక్ట్రాన్లు కొంత తగ్గుతాయి, గంధకం లాక్కోవడానికి తక్కువే దొరుకుతాయి, దాని బంధం సడలుతుంది. విడి లోహాల కన్నా ఈ జంట గంధకాన్ని బాగా తట్టుకుంటుంది; ఆ తట్టుకునే గుణానికి తరచూ చెప్పే వివరణ ఇదే.

దీంతో రెండో లోహం కలిపితే చాలు గంధకం బాధ తీరుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆ భ్రమను పోగొట్టేది ప్లాటినం-రీనియం. 1960ల చివర షెవ్రాన్ కంపెనీ తెచ్చిన ఈ జంట, నాఫ్తాను మేలైన పెట్రోల్‌గా మార్చే రిఫార్మింగ్ తీరునే మార్చింది. బొగ్గు పేరుకున్నా చాలాకాలం పనిచేస్తుంది. కానీ గంధకం దగ్గర అది ఒంటరి ప్లాటినం కన్నా సున్నితం. లోపలికి వచ్చే నాఫ్తాలో గంధకం 1 పీపీఎం లోపే ఉండాలి. ఇంకా విశేషం, కొత్త ఉత్ప్రేరకానికి మొదట కొలిచి కాస్త గంధకం పట్టించాకే పని మొదలుపెడతారు. లేకపోతే రీనియం దూకుడుకు నాఫ్తా అణువులు ముక్కలై మీథేన్ అయిపోతాయి. చంపేదాన్నే చిటికెడు వేసి అదుపులో పెడతారన్నమాట. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ సంగతే.

నూనెల్లో దీనికి చేదు ఉదాహరణ ఉంది. గంధకం తగిలిన నికెల్ ద్విబంధాలను నింపే పనిలో మందగిస్తుంది, వాటిని మెలితిప్పి ట్రాన్స్ రూపంలోకి మార్చడంలో మాత్రం ముందుంటుంది. మిఠాయి కొవ్వుల కోసం ఒకప్పుడు కావాలనే అలాంటి నికెల్ వాడేవారు. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్న నియమం వచ్చింది. నా దృష్టిలో ఇది ఎంతో ఆలస్యంగా వచ్చిన మంచి నియమం.

ఇప్పుడు మా విద్యార్థులు ద్విలోహ ఉత్ప్రేరకం మీద ఏ పరిశోధనా పత్రం తెచ్చినా, నూటికి ఎంత మార్పు జరిగిందన్న అంకె దగ్గర ఆగనివ్వను. అడిగేవి వేరు. ఏ గంధకం పెట్టారు, హైడ్రోజన్ సల్ఫైడా, థయోఫీనా? ఎన్ని పీపీఎం, ఎన్ని గంటలు? కోరిన పదార్థం వాటా గంధకం తగిలాక పెరిగిందా, తగ్గిందా? గంధకం ఆపి ఉత్త హైడ్రోజన్ పంపితే లోహం తిరిగి కోలుకుందా? ఆఖరి ప్రశ్నకు చాలా పత్రాల్లో జవాబు దొరకదు. అప్పుడు ఆ ప్రయోగాన్ని మనమే చేసి చూద్దామంటాను.