చివరి మెట్టు

మేడమీది గదికి చెక్క నేల వేయించాలన్న ఆలోచన మాదే. గుంటూరులో మాది పాత ఇల్లు. ఆదివారం వందనకు వచ్చే పెద్దవాళ్లు చలికాలంలో మొజాయిక్ బండల మీద కూర్చోలేకపోతున్నారని టేకు పలకలు కొన్నాం. పని ఒక కాంట్రాక్టరుకు అప్పగించాం. నాలుగు రోజుల్లో ముగించి వెళ్లాడు. చూడటానికి బాగానే ఉంది.

మెట్లెక్కి గదిలో అడుగుపెట్టే చోట మాత్రం అమ్మ తడబడేది. "చివరి మెట్టు ఎత్తుగా ఉందర్రా" అనేది. కళ్లే కారణమనుకుని డాక్టరుకు చూపించి అద్దాలు మార్పించాం. రోజంతా ఎవరెవరి గోడో విని అర్జీలు రాసిపెట్టే మేము, ఇంట్లో మనిషి మాట విని టేపు తీయలేదు. మూడో నెలలో అమ్మ అక్కడే పడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆ రాత్రి కొలిచాం. పై మెట్లు నాలుగు, ఒక్కోటి 170 మిల్లీమీటర్లు. చివరిది 197. బండల మీదే 12 మి.మీ. ప్లైవుడ్, దానిపై 15 మి.మీ. పలక వేశాడు మరి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లలో మెట్టు ఎత్తు 190 దాటరాదంటుంది. కానీ అసలు చిక్కు ఆ అంకె కాదు. పదిహేడు మెట్లు ఒకే తీరున ఎక్కిన కాలు పద్దెనిమిదోదీ అంతే అనుకుంటుంది. బొటనవేలు తట్టుకోవడానికి 27 మిల్లీమీటర్లు చాలు.

లా చదివిన బుద్ధి కాంట్రాక్టరుకు నోటీసు రాయమంది. రాశాం, పంపలేదు. కొలవకుండా డబ్బులిచ్చింది మేమే కదా. తెలిసిన వడ్రంగి మేస్త్రిని పిలిచాం. ఆయన మెట్టు అంచున కూర్చుని ముందు చూసింది ఆఖరి పలకను. అది మూడు వేళ్ల వెడల్పు కూడా లేదు.

"ఆ గోడ దగ్గర మొదలెట్టి ఇటొచ్చారండీ. మిగిలిన ముక్క ఇక్కడ పడింది. అందరూ తొక్కే చోట సన్న ముక్కా?" అన్నాడు. దాన్ని కప్పిన అల్యూమినియం పట్టీ అప్పటికే ఒక పక్క లేచింది.

"మెట్లన్నిటికీ అదే మందం చెక్క తొడిగితే?" అని అడిగాం.

"అప్పుడు కింద మొదటి మెట్టు పెరుగుతుంది కదండీ."

నిజమే. చదువుకున్నవాళ్లం, ఆ చిన్న లెక్క తట్టలేదు.

గదిలో బండలు లేపించాడు. కింద గచ్చు చెక్కించి, కొత్త సిమెంటుతో చదును చేయించి, నెల పైగా ఆరనిచ్చాడు. రాత్రి ప్లాస్టిక్ షీటు పరిచి అంచులకు టేపు అంటించేవాడు. పొద్దున లేపితే అడుగున తేమ చుక్కలుండేవి. "ఇంకా వద్దండి" అనేవాడు.

ఈసారి పని మెట్టు అంచునే మొదలైంది. నిండు టేకు ముక్కను చిత్రిక పట్టి, ముందు వైపు గుండ్రం చేసి, వెనక గాడి తీశాడు. జిగురుతో, స్క్రూలతో బిగించి, స్క్రూ తలలను టేకు బిరడాలతో మూశాడు. మొదటి పలక నాలుక ఆ గాడిలో కూర్చుంది. పైన పట్టీ లేదు, మిట్ట లేదు. అక్కడి నుంచి పలకలు ఎదుటి గోడ వైపు వేసుకుంటూ పోయాడు. వానలకు చెక్క ఉబ్బుతుందని ఆ గోడ దగ్గర 10 మి.మీ. ఖాళీ వదిలి స్కర్టింగుతో కప్పాడు. పెరిగే చెక్క అటే పెరగాలి, మెట్టువైపు రాకూడదట.

చివరి మెట్టు మళ్లీ 170కి వచ్చింది. కట్టు విప్పాక అమ్మ మెల్లగా ఎక్కి, పైన ఆగి, అతుకు మీద బొటనవేలు అటూ ఇటూ రాసింది.

"ఇది బాగుంది. కింద నుంచి రెండోది కూడా చూడండి" అంది.

టేపు పట్టుకుని దిగాం. అయిదు మిల్లీమీటర్లు ఎక్కువే ఉంది.